పండని మైదాకు

డయాలసిస్ మిషన్ తెర మీద ఇంకా గంట మిగిలి ఉందనగా రేణుక దుప్పటి కింద ఎడమచేతి వేళ్లు ముడవబోయింది. బొటనవేలు కదిలింది. చూపుడువేలు కదిలినట్టే అనిపించింది. ఉంగరంవేలు కూడా కొంచెం కదిలింది. చిటికెనవేలు మాత్రం నాకేం సంబంధం అన్నట్టు పడుకునే ఉంది. మళ్లీ ముడవబోయింది, లాభం లేదు. మోచేతి మడత దగ్గర రెండు సూదులు, రెండు గొట్టాలు. ఒకదాంట్లోంచి రక్తం బయటికి పోయి, మిషన్లో శుభ్రపడి, ఇంకోదాంట్లోంచి తిరిగి ఒంట్లోకి వస్తుంది. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు. ఈ మంచం మీద పడుకుని చూసినన్ని విమానాలు ఆమె శంషాబాద్ రోడ్డు మీద నిలబడి కూడా చూసి ఉండదు. ఇప్పుడు కూడా కిటికీలో ఒకటి పొట్ట చూపించుకుంటూ దిగుతోంది. నాలుగేళ్ల కిందట ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో సాతంరాయిలో పిల్లాజెల్లా వాటికి చేతులూపేవాళ్లు, ఇప్పుడు తలెత్తి చూసే నాథుడు లేడు, ఏదైనా అలవాటైపోతుంది, చేతికి సూదులు రాకముందు మెడలో పెట్టిన గొట్టం కూడా అలవాటైపోతుందమ్మా అన్నారు ఇక్కడ, అది మాత్రం కాలేదు. పక్కన స్టూలు మీద అత్త శివమ్మ, ఒళ్లో సద్దిమూట, నోరు కాస్త తెరుచుకుని కునుకు తీస్తోంది. నిద్రలో కూడా ఆ మూట ముడి వదలదు మహాతల్లి.

పడుకున్న కాసేపటికి చీమలు పాకినట్టు ఉండింది. చీమలైతే నయమే. తర్వాత పంటినొప్పి లాంటిది వేలి కణుపుల్లో మొదలై మణికట్టు దాకా లాగింది, ఆమె పెదవి కొరుక్కుని గోడమీది బల్లిని చూస్తూ ఓర్చుకుంది, బల్లి పోయింది, నొప్పి కూడా మెల్లగా పోయింది. పోయినందుకు సంతోషించాలి కదా. నొప్పి పోయిన చోట ఏమీ లేదు. చలి కూడా లేదు. మణికట్టు దాకా తనది, ఆపైన ఎవరో తెచ్చి దుప్పటి కింద పెట్టిపోయిన వస్తువు. నాలుగు రోజుల కిందట తమ రొట్టెల షెడ్డులో పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుంటే కమురు వాసన వచ్చింది, రొట్టె మాడిందేమోనని చూసింది, రొట్టె బాగానే ఉంది, కాలుతున్నది తన వేలు. ఎంతసేపటి నుంచి కాలుతోందో. అమ్మో అని అరవలేదు, అరవడానికి నొప్పి ఉంటే కదా. ముక్కుతో తెలుసుకోవాల్సి వచ్చింది తన వేలి సంగతి. గబుక్కున చెయ్యి నీళ్లలో పెట్టి అటూ ఇటూ చూసింది. పొయ్యికి అడ్డంగా గోనెపట్టా ఉంది, అవతల బల్లల మీద ఎయిర్‌పోర్టు కార్ల డ్రైవర్లు తింటూ ఏదో రాజకీయం మీద అరుచుకుంటున్నారు, ఎవరూ చూడలేదు, గోనెపట్టా పుణ్యమా అని.

చూడకూడదు. చూస్తే చెబుతారు, చెబితే డాక్టరమ్మకు తెలుస్తుంది. మూడు నెలల కిందట ఆపరేషన్‌కు ముందు డాక్టర్ నాగమణి బొమ్మ గీసి మరీ చెప్పింది, లోపలి పెద్ద నాళాన్ని పైనున్న నరంతో కలిపి కుడతారమ్మా, అప్పుడు ఆ నరం లావవుతుంది, సూదులు గుచ్చడానికి వీలవుతుంది, మెడలో గొట్టం తీసేయొచ్చు. అయితే ఒక్కోసారి రక్తమంతా ఆ దగ్గరిదారి పట్టి వెళ్లిపోతుంది, వేళ్లదాకా చేరదు. చెయ్యి చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే చెప్పండి, మరీ ముదిరితే కుట్టిన దారి మూసేయాల్సి వస్తుంది. ఇంత చెబితే రేణుక చెవిలో మిగిలింది చివరి మాట ఒక్కటే. మూసేయాల్సి వస్తుంది. మూసేస్తే మళ్లీ మెడకు గొట్టం. ఆ గొట్టంతో ఆమె మూడుసార్లు చలిజ్వరం తెచ్చుకుంది, మూడోసారి పళ్లు టకటకమని కొట్టుకుంటుంటే మంచం కోళ్లు కదిలాయి, కాళ్ల దగ్గర జంగయ్య కూర్చుని ఏడ్చాడు. మొగుడు ఏడవగా చూడటం పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అదే మొదలు. ఎయిర్‌పోర్టు పార్కింగులో పెద్ద పెద్ద కార్లను ఈలవేసి ఆపే మనిషి, ఆ ఈల మెడలో వేళ్లాడుతుండగానే ఏడ్చాడు. చచ్చినా మళ్లీ ఆ గొట్టం వద్దు.

అందుకే మైదాకు. ఆ తెలివి తనకే వచ్చింది, వచ్చినప్పుడు భలే ముచ్చటపడింది కూడా. కాలిన వేలు బొబ్బ ఆరి నల్లబడింది, మిగతా వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, ఇలా చేతులూపుకుంటూ వెళితే సూదులు పెట్టే కీర్తన కళ్లకు కనబడదా? మొన్న రాత్రి రెండు చేతులకూ నూరి పెట్టుకుంది, వేళ్లకు టోపీలు, అరచేతిలో చందమామ, పక్కింటివాళ్ల పెళ్లి ఉందని అత్తతో చెప్పింది. అబద్ధానికి కూడా ముహూర్తం కలిసొచ్చింది, నిజంగానే పెళ్లి ఉంది. పొద్దున లేచి కడుక్కుంటే కుడిచెయ్యి ఎర్రగా దానిమ్మగింజ లాగా పండింది. ఎడమచెయ్యి పండలేదు. ఒకే రోటిలో నూరిన ఆకు, ఒకే రాత్రి పెట్టుకున్నది, ఎడమచేతికి మాత్రం నీళ్ల మట్టి రంగు. ఒంట్లో వేడి ఉంటే పండుతుంది, ఆ చేతిలో వేడెక్కడిది? దాచడానికి పెట్టుకున్నదే చాటింపు వేసేటట్టుంది. మీద చెరగు కప్పుకుని వచ్చింది, సూదులు పెట్టేటప్పుడు పిడికిలి బిగించి ఉంచింది, పిడికిలి బిగించమని కీర్తన ఎలాగూ చెబుతుంది కాబట్టి గడిచిపోయింది.

నలభై ఎనిమిది నిమిషాలు.

మోచేతి దగ్గర మాత్రం ఝుమ్మని ఒకటే మోత. చర్మం కింద తుమ్మెద. అది మోగుతున్నంతకాలం దారి తెరిచి ఉన్నట్టు, ఆగితే మూసుకుపోయినట్టు, రోజూ చూసుకోమన్నారు. రోజూ చూసేది శివమ్మ. తెల్లారి మొహం కడగ్గానే వచ్చి, కోడలి మోచేతికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటుంది, దేవుడి గుళ్లో కూడా అంత శ్రద్ధగా నిలబడదు. "మోగుతున్నదే పిల్లా" అని లేస్తుంది. అప్పుడు పొయ్యి అంటిస్తుంది. ఆ చెవి మోచేతికి కింద జానెడు దూరంలో ఏం జరుగుతోందో వినలేదు, రేణుక ఆ పాటికి వేళ్లను కొంగులో చుట్టేసి ఉంటుంది. మోత మోచేతిది, చలి వేళ్లది. పైన అంత సందడి, కింద ఇంత శ్మశానం, మధ్యలో ఒక్క జానెడు.

అసలు ఈ చెయ్యే ఎందుకు కొయ్యాలి? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా రేణుక తల పక్కకు తిప్పుకుంటుంది, ఒంటరిగా ఉన్నా సరే. ఇదే గదికి బయట, బల్ల ముందు, డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ అడిగింది, ఏ చేత్తో తింటారమ్మా? పని చేసే చెయ్యి వదిలేసి రెండో చేతికి చేస్తాం అని కూడా అంది. రేణుక నోరు తెరిచింది. పక్కనుంచి శివమ్మ, "కుడిచేత్తోనే మేడం, మా కోడలు కుడిచెయ్యే" అనేసింది, ఎవరో తన కోడలి మీద నింద వేసినట్టు కాస్త గట్టిగానే. డాక్టరమ్మ కుడి అని రాసుకుని, ఎడమచేతి మీద నీలం పెన్నుతో గీత గీసింది. రేణుక తెరిచిన నోరు మూసుకుంది. నిజమే కదా, తినేది కుడిచేత్తోనే. తింటే అన్నీ అయిపోయినట్టేనా? కొడవలి పట్టింది ఎడమచేత్తో, సూదిలో దారం ఎక్కించింది ఎడమచేత్తో, కొడుక్కి నీళ్లు పోసి రుద్దింది ఎడమచేత్తో, రొట్టె కొట్టేది ఎడమచేత్తో. పుర్రచెయ్యి. పుట్టుకతోనే పుర్రచెయ్యి. బడిలో రెండో తరగతి పంతులు పలక అంచుతో కణుపుల మీద కొడితే బడే మానేసింది గాని చెయ్యి మారలేదు. పెళ్లి కుదిరాక అమ్మ పది రోజులు ఎడమచెయ్యికి చీరపేలిక చుట్టి నడుముకు కట్టేసింది, అలవాటు తప్పుతుందని, పోయేముందు చెవిలో చెప్పింది, అత్తగారింట్ల ఎవ్వరికీ తెల్వనియ్యకు బిడ్డా, ఎడమచేత్తో చేసింది ఎవరు తింటరు?

ఎవరు తింటారు. పద్దెనిమిదేళ్లుగా ఆ మాట భుజం మీద కూర్చుని ఉంది. అత్తింట మొదటిరోజు రొట్టెలు చెయ్యమంటే అందరి ముందూ కుడిచేత్తో కొట్టింది, ఒక్కటీ సరిగ్గా రాలేదు, అంచులు పగిలి, మధ్యలో చిరిగి, పెనం మీద వేస్తే మూడు దేశాలయ్యాయి. ఆడబిడ్డలు నవ్వారు. రెండోరోజు అందరికంటే ముందు లేచి, తలుపు దగ్గరికేసి, ఎడమచేత్తో కొట్టింది. ఎసరు నీళ్లు పోసిన పిండి ఆ చేతి కింద చెప్పినట్టు విన్నది, తప్ప తప్ప తప్ప, ఇరవై రొట్టెలు, అన్నీ ఒకే కొలత. శివమ్మ వచ్చి ఒకటి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. "నిన్నటి చెయ్యేనా గిది?" అంది. రేణుక ఎడమచెయ్యి కొంగు కింద దాచుకుంది. ముసలామె రొట్టె విరిచి నోట్లో పెట్టుకుని గేదె దగ్గరికి పోయింది. అప్పటినుంచి ఎవరైనా ఉంటే కుడి, లేకుంటే ఎడమ. ఊరి పొలాల మీద విమానాలు దిగడం మొదలయ్యాక, సాతంరాయి దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డు వేసి, డ్రైవర్లకు రొట్టెలు అమ్మడం మొదలుపెట్టాక, మరీ భయమేసింది. రోజుకు రెండువందల రొట్టెలు కుడిచేత్తో ఎవరివల్లవుతుంది? ఆ దేవుడే చూశాడు. షెడ్డు వేసిన రెండోరోజే శివమ్మ, "గాలికి పొయ్యి ఆరుతున్నది" అని గొణుక్కుంటూ గోనెసంచులు కుట్టి అడ్డంగా కట్టింది. ఆ గోనెపట్టా వెనక రేణుక ఎడమచెయ్యి నాలుగేళ్లు రాజ్యం చేసింది. తుక్కుగూడ నుంచి కూడా వచ్చేవాళ్లు ఆ రొట్టె కోసం.

ఇప్పుడు ఆ చేతికి రొట్టె అంచు తెలియడం లేదు. పిండి మెత్తనో గట్టినో తెలియడం లేదు. కుడిచేత్తో కొడితే మళ్లీ మూడు దేశాలు.

"ఏంటమ్మా, ఈ చేతికి పండలేదేం?"

కీర్తన ఎప్పుడొచ్చిందో. దుప్పటి జారి వేళ్లు బయటపడ్డాయి. గొట్టాలు సరిచూడటానికి వంగిన పిల్ల ఆ వేళ్లనూ, దుప్పటి మీదున్న కుడిచేతినీ మార్చి మార్చి చూస్తోంది. విజయవాడ వైపు పిల్ల, మాట నెమ్మది, కళ్లు మాత్రం డేగ కళ్లు. "కుడిచెయ్యి ఎంత బాగా పండిందో! ఇదేంటండీ ఇలా..." అంటూ వేలు ముట్టుకుంది. "అయ్యో, ఇంత చల్లగా ఉందేంటి?"

"ఏసీ మేడం" అంది రేణుక. నాలుక చివరే ఉన్నట్టు వచ్చేసింది. "నాకు చిన్నప్పటి సంది చలి ఎక్కువ. ఏం కాలె."

"నొప్పిగా ఉందా? తిమ్మిరేమైనా?"

"లేదు మేడం."

కీర్తన ఇంకా ఏదో అడగబోయింది, అంతలో మూడో మంచం మిషన్ కుయ్యోమని అరిచింది, ఆ పిల్ల "ఒక్క నిమిషమండీ, మళ్లీ వస్తాను" అని పరుగెత్తింది. రేణుక వేళ్లను దుప్పటి కిందికి లాక్కోబోయింది. అవి రాలేదు. కుడిచెయ్యి చాచి ఎత్తి లోపల పెట్టుకోవాల్సి వచ్చింది, పొయ్యిలోకి కట్టె తోసినట్టు.

ఇరవై ఆరు.

గండం గడిచింది. గడిచిందా? కిటికీ పక్క మంచం మీద ఎవరో కొత్తమనిషి పడుకుని సెల్‌ఫోన్‌లో పాటలు వింటున్నాడు. అది రాజయ్య మంచం. పహాడీ షరీఫ్ దగ్గర మేకలు అమ్మే రాజయ్య, వచ్చినప్పుడల్లా అక్కా ఇయ్యాల ఏం కూర అని అడిగేవాడు, తను తినకూడదన్న కూరలన్నీ తిన్నట్టు చెప్పించుకుని లొట్టలేసేవాడు. అతనికి చేతిలో మోత ఆగిపోయింది, మెడకు గొట్టం వేశారు. పదిరోజులకు ఒకనాడు మిషన్ మీద ఉండగా రేణుక వైపు తిరిగి, "అక్కా, రాత్రి నుంచి చలిజ్వరం. ఎవ్వరికీ చెప్పకు. చెప్తే గొట్టం తీసి ఇంకో పక్క మెడకు పొడుస్తరు" అన్నాడు. చెప్పకు అంటే చెప్పలేదు. తనకూ తెలుసు కదా ఆ పొడవడం ఎలా ఉంటుందో, పాపం అనుకుంది, ఆ పాపం అనుకోవడమే ఘనకార్యం. కీర్తన వచ్చి ఒళ్లెలా ఉంది రాజయ్యగారూ అంటే ఫస్ట్‌క్లాస్ అన్నాడు. రేణుక గోడవైపు చూసింది. తర్వాతి వాయిదాకు మంచం ఖాళీ. శివమ్మే బయట ఎవరినో అడిగి తెలుసుకొచ్చింది, రక్తంలోకి చీము పోయిందట, రెండు రోజుల్లో అయిపోయిందట. ఫస్ట్‌క్లాస్. ఇందాక తను అన్నది ఏంటి? ఏం కాలె. మాట వేరు, గొంతు మాత్రం అదే గొంతు. రాజయ్య కోసం ఒక్క మాట మాట్లాడి ఉంటే ఈ పాటికి ఆ మంచం మీద కూర్చుని ఏం కూర అని అడుగుతుండేవాడేమో, లేదేమో, ఎవరికి తెలుసు, కానీ తను మాట్లాడలేదు, అంతవరకు తెలుసు. ఆ రోజు వేరేవాడి గుట్టు, ఇవాళ తన గుట్టు. తన చెయ్యి గురించి తనే గోడవైపు చూస్తోంది.

మళ్లీ చిటికెనవేలు ముడవబోయింది. లేదు. ఉంగరంవేలు. అది కూడా లేదు. ఇందాక అది కదిలింది. అరగంటలో ఒక వేలు పోయింది. దుప్పటి ఎత్తి చూసింది, పాలిపోయిన టోపీల కింద గోళ్లు నీలంగా ఉన్నాయి. పెనం మీది కమురు వాసన ముక్కుకు తగిలింది, ఇక్కడ పెనం ఎక్కడిది, అయినా తగిలింది. దుప్పటి మొత్తం పక్కకు తోసి అరిచింది.

"మేడం!"

గది మొత్తం అటు తిరిగింది. శివమ్మ ఉలిక్కిపడి లేచింది, మూట మాత్రం వదల్లేదు.

"మేడం, అబద్ధం చెప్పిన. చెయ్యి తెలుస్తలేదు. పదిహేను రోజుల సంది గిట్లనే ఉన్నది. వేలు కాలితే గూడ తెల్వలె."

కీర్తన ఆ వేలికి రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. తెరమీద అంకె రాలేదు, గీత అడ్డంగా సాగిపోయింది. మైదాకు వల్లేమోనని, ఎర్రగా పండిన కుడిచేతి వేలికి పెట్టి చూసింది, అక్కడ వచ్చింది. డాక్టరమ్మ కోసం బయటికి పరుగెత్తింది. నాగమణి వచ్చేసరికి తెర పద్దెనిమిది నిమిషాలు చూపిస్తోంది, ఆమె మిషన్ ఆపించి సూదులు తీయించింది. దూది అద్దిన చోటుకు కాస్త పైన, ఝుమ్ముమనే చోట, రెండు వేళ్లతో అదిమి పట్టుకుంది. తుమ్మెద ఆగింది. రేణుక మనసులో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... అంతలో వేళ్లలో ఏదో కదిలింది. వెచ్చగా. ఎండలో పెట్టిన ఇత్తడి బిందె లాగా మెల్లగా వెచ్చబడి, తర్వాత సూదులతో పొడిచినట్టు నొప్పి, భగ్గుమనే నొప్పి, కాలిన వేలు నాలుగు రోజుల తర్వాత ఇప్పుడు మండింది. గోళ్లలోకి ఎరుపు వచ్చింది. ఆమె ఏడ్చింది, ఆ నొప్పి అంత బాగుంది. డాక్టరమ్మ వేళ్లు తీసింది. తుమ్మెద మొదలైంది, వెచ్చదనం వెళ్లిపోయింది.

"చూశారా అమ్మా, వేళ్లకు రావాల్సింది ఈ దారి లాగేసుకుంటోంది" అంది నాగమణి. "ఇవాళే సిటీకి పంపిస్తాను. ముందు ఈ దారిని ఒక కుట్టుతో ఇరుకు చేసి చూస్తారు. దాంతో చెయ్యీ, దారీ రెండూ నిలబడితే అదృష్టం. నిలబడకపోతే ఏదో ఒకటే." కాగితం తిరగేసింది. "మీకు కుడిచేతివాటం అని రాసుంది. అంటే ఎడమచేతికి కాస్త తిమ్మిరి మిగిలిపోయినా ఫర్వాలేదు, ఈ దారి మాత్రం మూయొద్దు, మెడకు గొట్టం రానివ్వొద్దు అని రాయనా? అంతేనాండీ?"

అంతే అంటే చాలు. ఒక్క మాట. మెడ మీద పాత మచ్చ దురద పెట్టింది. రేణుక అత్తవైపు చూడలేదు.

"నాది ఎడమచెయ్యి మేడం. అన్ని పనులు ఎడమచేత్తోనే. రొట్టెలు గూడ. మెడకు పెట్టినా సరే, చెయ్యి ఉండాలె."

నాగమణి పెన్ను ఆగింది. "మరి ఆ రోజు కుడిచెయ్యి అన్నారు కదమ్మా?" ఆమె అడిగింది శివమ్మను.

ఇప్పుడు పడుతుంది పిడుగు, అనుకుంది రేణుక. ఊరంతటికీ తెలుస్తుంది, డ్రైవర్లకు తెలుస్తుంది, ఎడమచేతి రొట్టెలు తిన్నామా ఇన్నాళ్లు అని ఉమ్ముతారు, షెడ్డు పోతుంది, అత్త ఈ గదిలోనే తిడుతుంది. శివమ్మ మూటను స్టూలు మీద పెట్టింది. వచ్చి కోడలి వేళ్లను, పండని ఆ ఐదు వేళ్లను, తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది.

"ఏ చేత్తో తింటదని అడిగితివి బిడ్డా, తినేది కుడిచేత్తోనే. నలుగురిల మాట పడ్తదని గంతే చెప్పిన, తప్పు నాదే" అంది. "మాకు పెట్టేదే ఎడమచేత్తో. పద్దెనిమిదేండ్ల సంది తింటున్న, నాకెర్క లేదా? జర ఆ చెయ్యి ఉంచున్రి."